కరెంటుతో పలికే బల్లి

మిర్యాలగూడలో కిషన్ ఇంటి బల్లికి సత్యవాక్కు అని పేరొచ్చి అప్పటికి కొన్ని వారాలైంది. దాన్ని కళ్లతో చూసినవాళ్లు లేరు. నడిగదిలో, కిషన్ తల్లి మంచానికీ కంప్యూటర్ బల్లకీ మధ్య ఎక్కడో దాని కాపురం. ఇంట్లో ఎవరేమన్నా "టిక్, టిక్, టిక్" అని వంత పలికేది. ఈసారి వడ్ల ధర పెరుగుతుందని కిషన్ అంటే పలికింది. పెరగదని అతని దుకాణం గుమస్తా అంటే దానికీ పలికింది. పలికినప్పుడల్లా కిషన్ తల్లి అలివేలు మంచం మీంచి వంగి, చూపుడు వేలితో నేలను తట్టి, "కృష్ణ, కృష్ణ" అని పెదాలు కదిపేది. మాట నడుమ బల్లి పలికితే ఆ మాట నిజమైతదని ఆమె నమ్మకం.

కోడలు శ్రీవాణి నమ్మేదీ కాదు, కాదనేదీ కాదు. డిగ్రీలో జంతుశాస్త్రం చదివింది గనక బల్లి తన మానాన తాను అరుస్తుందని తెలుసు. ఆ ఇంట్లో ఏళ్లుగా కాపురం చేస్తోంది గనక, తెలిసినవన్నీ పైకి అనకూడదనీ తెలుసు.

అలివేలు పెదాలు కదపడమే గాని గొంతు లేదు. చలికాలంలో మెడ దగ్గర గడ్డ తీయడానికి హైదరాబాదులో ఆపరేషన్ అయింది. గడ్డ మంచిదే, క్యాన్సర్ కాదన్నారు. మంచిదైతే తీసుడెందుకని అలివేలు అడిగింది. ఆమె నిండు గొంతుతో అడిగిన ఆఖరి ప్రశ్న అదే. ఆపరేషన్ తర్వాత గొంతు గాలిలా వచ్చింది. లోపలి నరం అలిసిందనీ, పొద్దునా సాయంత్రం ముక్కుతో కూనిరాగం తీస్తుంటే మెల్లగా దారికొస్తుందనీ, మునుపటిలా మాత్రం ఉండకపోవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. అలివేలు కొన్నాళ్లు శ్రద్ధగానే తీసింది. గ్లాసులో వేన్నీళ్లు, అందులో తేనె, పక్కన శ్రీవాణి. దూరం నుంచి వింటే తుమ్మెద ఒకటి కిటికీ వెతుక్కుంటున్నట్టుండేది.

ఒక సాయంత్రం ఆ రాగం మధ్యలో తెగింది. అలివేలు గ్లాసు కింద పెట్టి, గుసగుసగా అంది.

"ఇగ నా గొంతు రాదే, వాణీ."

"టిక్, టిక్, టిక్" అంది మూల.

అలివేలు ఒక్క క్షణం అటు చూసి, వంగి, నేలను తట్టింది. మర్నాటి నుంచి తేనె సీసా మూత తీయలేదు. అడిగితే నవ్వి చెయ్యి ఊపేది. చేదు లేదు, ఏడుపు లేదు. తీర్పు వచ్చేసిన కేసుకు మళ్లీ వకీలు ఎందుకన్నట్టు.

ఆ గొంతు ఆ వీధికి ఏమవుతుందో తెలియాలంటే బతుకమ్మ పండక్కి అక్కడ ఉండాలి. అలివేలు పాట అందుకుంటే చుట్టూ ఆడవాళ్లంతా చప్పట్లతో "ఉయ్యాలో" అని అందుకునేవారు. పాతపాటలు అయిపోయాక అసలు సంగతి మొదలయ్యేది. అప్పటికప్పుడు సొంతంగా కట్టిన పాటలు. కొత్త కారు కొని వాన పడితే దానికి గొడుగు పట్టిన పక్కింటాయన, బంగారం గాజులు కనబడాలని ఎండాకాలం కూడా చేతులు ఊపుతూ నడిచే పెద్ద మిల్లు వాళ్ల కోడలు, ఎవ్వరినీ వదిలేది కాదు. అందరూ నవ్వేవారు, పాటలో ఉన్నవాళ్లు కొంచెం ఆలస్యంగా. ఆ తర్వాత సాగర్ కాలువలో బతుకమ్మల్ని వదిలేవారు. ఆ ఏటి పాట ఆ ఏటి పూలతోనే పోవాలని అలివేలు నియమం. నీళ్లలో కలిస్తేనే మళ్లీ ఏడాది మొహాలు చూసుకోగలమనేది. ఒకసారి పాడింది మళ్లీ పాడదు, ఎవరినీ రాసుకోనివ్వదు.

శ్రీవాణి పెళ్లైన మొదటి ఏడే ఆ పాటకెక్కింది. ఆమెది కోదాడ. కోదాడ చారు పలచన అని మిర్యాలగూడలో ఎవరూ అనలేదు, ఆమె పెట్టేదాకా. నలుగురిలో అత్తగారు తన చారు మీద పాట కట్టేసరికి కళ్లలో నీళ్లు ఆపుకుంటూ కాలువ దాకా నడిచింది. పూలు వదిలాక అలివేలు ప్రసాదం సత్తుపిండి మొదటి పిడికిలి కోడలి చేతిలోనే పెట్టింది.

"పాటల పెట్టినంటే ఇంటిదానివైనట్టు, పిల్లా. బయటోళ్లను పాడతమా?" అంది.

అప్పటి నుంచి శ్రీవాణి ఏటా తన వంతు కోసం ఎదురుచూసేది. ఒక్కోసారి పాటకు పనికొస్తుందని కావాలనే ఏదో ఒకటి మాడబెట్టేది కూడా. చారు పాట జనానికి ఎంత నచ్చిందంటే, ఒక ఏడాది వీధి వీధంతా పట్టుబడితే అలివేలు తన నియమం తప్పి, ఆ ఒక్కటీ మళ్లీ పాడింది.

అప్పటికి శ్రీవాణి చేతిలోకి ఫోను వచ్చింది. చీర కుచ్చిళ్లలో దాచి, అత్తగారి పక్కనే తిరుగుతూ, ఆ పాటనూ, తర్వాతి ఏళ్ల పాటలనూ రికార్డు చేసింది. నీళ్లలో కలవాల్సిన తిట్లను ఇలా ఏటా ఒడిసిపట్టి, ఫోను నిండితే కంప్యూటర్లోకి ఎక్కించేది. ఫోను ఎక్కడన్నా పోవచ్చు, కంప్యూటర్ ఇల్లు దాటి పోదు గదా అని ఫోనులోంచి చెరిపేసేది. అత్తగారి కంటపడకుండా, మొగుడు పొరపాటున కూడా తెరవకుండా, ఆ పాటలున్న ఫోల్డరుకు 'కరెంటు బిల్లులు' అని పేరు పెట్టింది.

గొంతు పోయాక వాటిని వినలేదు. మనిషి పక్కనే మంచం మీద గుసగుసలాడుతుంటే ఇవతల ఆమె పాట వినడం దొంగతనంలా అనిపించింది. ఉన్నాయి గదా, ఉంటాయి గదా అనుకుంది.

అలివేలు కూనిరాగం మానేశాక శ్రీవాణికి బల్లి మీద కక్ష పుట్టింది. చీపురుతో మంచం కింద, బల్ల వెనక, పటాల వెనక వెతికింది. దొరకలేదు. సరే, దాని మాటకు విలువెంతో చూద్దామనుకుంది. మధ్యాహ్నం మూలకు తిరిగి నిలబడి, కిషన్ ఈ రోజు సొరకాయ కూర నోరెత్తకుండా తింటాడని ప్రకటించింది. బల్లి పలికింది. కిషన్ కంచం చూడగానే, సొరకాయ నీళ్లకు ఉప్పు దండగని నోరెత్తాడు. అబద్ధాలాడే బల్లి అన్నమాట. శ్రీవాణికి సగం దిగులు తీరింది.

మిగతా సగం మర్నాడు తీరింది, ఇంకో పెద్ద దిగులు పుట్టి. పొద్దున్నుంచి కరెంటు లేదు. బల్లీ లేదు. వానకు తలుపు బిగుసుకుందన్నా, పాలు విరిగాయన్నా మూల మౌనంగా ఉంది. సాయంత్రం కరెంటొచ్చాక కిషన్ దుకాణం బిల్లుల కోసం కంప్యూటర్ మీట నొక్కాడు. ఆపితే మళ్లీ లేవడానికి ఒక పూట తీసుకుంటోందని ఈ మధ్య దాన్ని ఆపడమే మానేశారు. తెర ఒక్కటే ఆపేవారు. ఇప్పుడు తెర వెలగకముందే మూల పలికింది. "టిక్, టిక్, టిక్."

శ్రీవాణి చపాతీ కర్రతోనే వచ్చి, దుమ్ము పడకుండా అలివేలు కప్పిన పాత చీరముక్క తీసి, కంప్యూటర్ డబ్బాకు చెవి ఆనించింది. బల్లి లోపలే ఉంది. లోపల బల్లి లేదు.

పిండి చేతులతోనే 'కరెంటు బిల్లులు' మీద నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. డబ్బాలో టిక్కులు గట్టిపడ్డాయి. తెర బిగుసుకుపోయింది.

డబ్బా ముసలిదైందనీ, దుకాణం లెక్కలన్నీ ఆడిటర్ దగ్గర ఉన్నాయనీ, దీన్ని పారేసి కొత్తది తెస్తాననీ కిషన్ కుర్చీలోంచే తీర్మానం చేశాడు.

"అందులో కరెంటు బిల్లులున్నాయండీ" అంది శ్రీవాణి. డబ్బాకు అడ్డంగా నిలబడింది.

"కట్టిన బిల్లులకు ఎవరన్న ఏడుస్తరా?"

అప్పుడు చెప్పింది. వంటింట్లోకి లాగి, అత్తగారికి వినబడకుండా, కుచ్చిళ్ల సంగతితో సహా చెప్పింది. అత్తమ్మ గొంతు ఇంకెక్కడా లేదనీ, ఆ డబ్బాలో తప్ప లేదనీ చెప్పింది. కిషన్ మాడుతున్న పెనం కింద పొయ్యి కట్టేశాడు.

"నన్ను పడవెక్కించిన చారు పాట గూడ ఉన్నదా?"

ఉందని తలూపింది. కిషన్ లోపలికి వెళ్లి, కంప్యూటర్ వైరు గోడలోంచి పీకాడు. నొప్పి ఉన్న మనిషితో పని చేయిస్తున్నామని తెలిశాక చేసే పనిలా ఉంది అది.

సంగతి తెలిసిన ఉత్సాహంలో శ్రీవాణి అత్తగారి మంచం పక్కన కూర్చుంది. పాటల మాట ఎత్తకుండా, ఇన్నాళ్లూ పలికింది బల్లి కాదనీ, కంప్యూటర్లో హార్డ్ డిస్క్ పాడై కొట్టుకుంటోందనీ, గొంతు రాదన్నప్పుడు పలికింది కూడా అదేననీ విడమరిచి చెప్పింది. అలివేలు ఓపికగా విని, కోడలి బుగ్గకంటిన పిండి తుడిచింది.

"ఎవలు పలికితేంది బిడ్డా" అంది గుసగుసగా. "పలికిందా, లేదా?"

శ్రీవాణి జంతుశాస్త్రాన్ని మడిచి పెట్టి, చపాతీలు ఒత్తడానికి లేచింది.

ఊళ్లో రిపేరు చేసే అతను డబ్బాను అటూ ఇటూ తిప్పి, ఫార్మాట్ కొడితే కొత్తదాని లెక్క అయితదని భరోసా ఇచ్చాడు. లోపలివి ఏమవుతాయని శ్రీవాణి అడిగింది. లోపల ఏముండదు, సాఫ్ అయితది అన్నాడు, అదొక సుగుణమన్నట్టు. ఆమె డబ్బాను పసిపిల్లను లాక్కున్నట్టు లాక్కుని, దానికి మళ్లీ చీరముక్క చుట్టి, సూర్యాపేట బస్సెక్కింది. ఒళ్లో మూటేమిటని కండక్టర్ అడిగాడు. పేషెంటు అని చెప్పింది. ఆడవాళ్లకు టికెట్టు లేదు గాని పేషెంటు ఆడా మగా అని అతను అడిగితే, లోపల గొంతు మాత్రం ఆడదేనంది. అతను ఆమెను కొంచెం జాగ్రత్తగా చూసి, ముందు సీటుకు వెళ్లిపోయాడు. గతుకు వచ్చినప్పుడల్లా శ్రీవాణి కాళ్లు పైకి లేపి పట్టింది.

సూర్యాపేట బస్టాండు వెనక వందనకు కంప్యూటర్ల దుకాణం ఉంది. కోదాడ కాలేజీలో ఇద్దరూ ఒకే బెంచీ. అప్పట్లో వందన కప్పను కోయమంటే మూర్ఛపోయేది. ఇప్పుడు డబ్బాను స్క్రూలు విప్పి, చేతివేళ్లతో పేగులు తీసినట్టు వైర్లు తీసి, అరచేతంత హార్డ్ డిస్క్‌ను బల్ల మీద పెట్టింది.

"టిక్కుమంటుంటే ఎన్నాళ్లు నడిపారే దీన్ని?"

శ్రీవాణి తల దించుకుంది. "బల్లి అనుకున్నామే."

వందన నవ్వలేదు. ఆమెదీ అదే నేల గదా. పోయిన వారం ఒకాయన డిస్క్‌కు నిమ్మకాయ కట్టి తెచ్చాడని మాత్రం చెప్పింది. లోపల అద్దంలాంటి పళ్లెం తిరుగుతుంటుందనీ, దాని మీద ఒక సన్నని ముల్లు తిరుగుతూ చదువుతుంటుందనీ, చదవలేని చోటు వస్తే ముల్లు వెనక్కి పోయి మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటుందనీ, ఆ వెతుకులాటే ఈ చప్పుడనీ వివరించింది. పాట చరణం మరిచినవాళ్లు పల్లవికి పోయి మళ్లీ అందుకున్నట్టు అనుకుంది శ్రీవాణి. ఇన్నాళ్లూ అది రాదు రాదు అనలేదు. ఇంకోసారి, ఇంకోసారి అంది. ఈ మాట అత్తమ్మకు చెప్తే బాగుండు అనుకుని, చెప్తే ఏం బాగుండదని వెంటనే తెలుసుకుంది. అలివేలుకు నీతులు ఎక్కవు. తిట్లే ఎక్కుతాయి.

వందన ఆశ పెట్టలేదు, ఆశ తీయలేదు. డిస్క్‌ను ఇంకో కొత్త డిస్క్‌కు పక్కన కట్టి, తేలిగ్గా వచ్చేవి ముందు లాగి, మొండికేసిన చోట్లు వదిలేసుకుంటూ పోతానంది. బలవంతం చేస్తే మొత్తం పోతుందట. ఎన్ని వస్తాయో, ఏ ముక్కలు వస్తాయో దాని దయ. వెళ్లేముందు శ్రీవాణి ఆ చీరముక్కను డిస్క్ కింద పరవబోతే, వేడెక్కుతుందే తల్లీ అని వందన తీసేసింది.

ఫోను రావడానికి వారం పట్టింది. ఆ వారం ఇంట్లో బల్లి లేదు. కిషన్ సొరకాయ కూర రెండోసారి వడ్డించుకున్నాడు. అలివేలు అది చూసి కోడలి వైపు కళ్లెగరేసింది గాని ఏమీ అనలేదు. మునుపైతే దాని మీద పాట పుట్టేది. శ్రీవాణికి అన్నింటికన్నా ఆ మర్యాదే భరించరానిదిగా ఉంది.

కరెంటు బిల్లుల్లో చాలావరకు పోయాయని వందన చెప్పింది. పేర్లొచ్చాయి, లోపల గొంతు రాలేదు. ఒక్క పాట మాత్రం వచ్చింది, అదీ నడుమ చిల్లుతో. శ్రీవాణి మళ్లీ బస్సెక్కి వెళ్లి, పాటను ఫోనులోకి ఎక్కించుకుని, దాన్నే ఇంకో రెండు పెన్ డ్రైవుల్లో పెట్టించింది. ఒకటి వందన దగ్గరే ఉంచింది, ఒకటి కోదాడలో అమ్మ బియ్యం డబ్బాలో దాచి పెట్టించడానికి. తిరుగు బస్సులో చెవికి ఆనించి విందామనుకుని, వినలేకపోయింది. మొదట వినాల్సింది తను కాదనిపించింది.

ఇంటికి చేరేసరికి అలివేలు నడిగదిలో నేల మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. శ్రీవాణి కాళ్లు కడుక్కుని వచ్చి, ఎదురుగా కూర్చుని, ఫోను ఇద్దరి మధ్య బోర్లించిన గిన్నె మీద నిలబెట్టింది. పాట నొక్కింది.

ముందు చప్పట్లు. ఎవరివో గాజులు. చీర కుచ్చిళ్ల గరగర. ఆ తర్వాత ఆ గొంతు, నిండు చెరువు మీద గాలిలా.

"కోదాడ కోడలూ ఉయ్యాలో, చారు కాచినాదీ ఉయ్యాలో..."

అలివేలు చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"వాడపల్లి కాడా ఉయ్యాలో, మూసి పొంగినట్టూ ఉయ్యాలో... పప్పుబద్ద కొరకూ ఉయ్యాలో..."

గొంతు తెగింది. గర్రుమని ఒక చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీలేనిది కొంచెంసేపు సాగింది. ఆ ఖాళీకి అవతల ఒడ్డున ఒక్కసారిగా ఆడవాళ్ల నవ్వులు పుట్టుకొచ్చాయి, దేనికి నవ్వుతున్నారో లేకుండానే. పాట అయిపోయింది.

అలివేలు కళ్లు చెమర్చాయి. ఇది ఎప్పుడు పట్టినవని అడగలేదు. నీళ్లల్ల కలవాల్సింది ఎందుకు దాచినవనీ అడగలేదు. వేలితో ఫోను అంచు తాకింది, నిద్రపోయే పిల్లను తాకినట్టు. మళ్లీ పెట్టమని సైగ చేసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అక్కడే తెగింది. మూడోసారి తెగినచోట అలివేలు మెడ కొంచెం ముందుకు వంగింది, జారిపోయేదాన్ని అందుకోబోయినట్టు.

శ్రీవాణి ఆ వంగడం చూసింది. చారు పాట ఆమెకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. కొంగు సర్దుకుని, అమాయకంగా మొహం పెట్టింది.

"ఇక్కడేమన్నారత్తమ్మా? నాకు యాదికొస్తలేదు. 'పప్పుబద్ద కొరకూ ఉయ్యాలో, పళ్లెం నాకినాడూ ఉయ్యాలో' అనే గదా?"

అలివేలు కనుబొమలు పైకి లేచాయి. కాదని చెయ్యి ఊపింది.

"అదే అనుకుంటా. చారు అంత రుచిగా ఉందని మీరే పాడారు. వీధంతా విన్నది. ఈసారి పండక్కి అందరికీ అదే చెప్తా."

కొడుకు చేత పళ్లెం నాకించడం ఒక ఎత్తు. ఆ చారు రుచిగా ఉందని తను పాడినట్టు రేపు లోకం చెప్పుకోవడం ఇంకో ఎత్తు. అలివేలు చింతపండు గిన్నెలో వేసింది. నోరు తెరిచింది. గాలి వచ్చింది. గొంతు సవరించుకుంది. మళ్లీ తెరిచింది. ఈసారి గాలి వెనక ఏదో గరుకుగా కదిలింది, చాన్నాళ్లు మూసిన పిండి గిర్నీ తలుపు తీసినట్టు.

"పడవ... ఏసినాడూ... ఉయ్యాలో..."

మునుపటి గొంతు కాదు. అడుగున ఉంది, మగగొంతులా బరువుగా ఉంది, అంచులు పగిలి ఉన్నాయి. కానీ గుసగుస కాదు. శ్రీవాణి, ఎక్కడ ఆగిపోతుందోనని చప్పట్లు కూడా వేళ్ల చివరలతోనే వేసింది.

"ఉయ్యాలో" అని అందుకుంది.

"పడవ ఏసి నా కొడుకూ ఉయ్యాలో..." అలివేలు ఊపిరి తీసుకుంది, ఒక కన్ను తుడుచుకుంది, కోడలి వైపు వేలు చూపించి ముగించింది. "ఇంక రాకపాయే... ఉయ్యాలో."

ఫోనులో ఆడవాళ్లు నవ్వాల్సిన చోట ఇప్పుడు గుమ్మంలోంచి కిషన్ నవ్వాడు. దుకాణం నుంచి వచ్చి ఎప్పటినుంచి నిలబడ్డాడో తెలియదు. చెప్పులు చేతిలో ఉన్నాయి. నవ్వుతూనే కళ్లు తుడుచుకోవడానికి వంటింట్లోకి వెళ్లి, మంచినీళ్లు తాగుతున్నట్టు చాలా చప్పుడు చేశాడు.

అలివేలు అలిసిపోయి గోడకు ఆనుకుంది. శ్రీవాణి లేచి తేనె సీసా తెచ్చింది. మూత బిగుసుకుంది, కొంగుతో పట్టి తిప్పింది. వేన్నీళ్లు కలిపి గ్లాసు చేతికిస్తూ, మామూలు సంగతి చెప్తున్నట్టు చెప్పింది.

"ఈ ఏడు బతుకమ్మకు మీరే పాట అందుకుంటారు, అత్తమ్మా."

చెప్పి, మొహం అటు తిప్పి, నాలుక అంగిలికి ఆనించి కొట్టింది. టిక్, టిక్, టిక్.

అలివేలు గ్లాసు దించింది. మూలకు చూసింది. కంప్యూటర్ లేని బల్ల మీద మడత పెట్టిన చీరముక్క ఉంది. ఆ తర్వాత కోడల్ని చూసింది. వయసొచ్చిన కోడలే గాని చిన్నపిల్లలా నాలుక కొరుక్కుని ఉంది.

"కోదాడ బల్లి" అంది, ఆ పగిలిన గొంతుతోనే. "దీని మాట ఎవలు నమ్ముతరు?"

"ఎవరు పలికితేందత్తమ్మా" అంది శ్రీవాణి. "పలికిందా, లేదా?"

అలివేలు ఆమెను అలా చూస్తూనే, గ్లాసు పక్కన పెట్టి, మెల్లగా వంగి, చింతపండు అంటిన వేలితో నేలను తట్టింది.

"కృష్ణ, కృష్ణ."

ఈసారి బయటికి వినబడింది.